కొర్రమీను వెళ్లని దారి

మృగశిర కార్తె రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మా మేనమామ నోరు తెరుచుకుని నిలబడ్డ దృశ్యం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది. ఎదురుగా ఉన్నాయన వేలెడంత కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చని ముద్ద పెట్టి, చేపను బతికుండగానే మామయ్య గొంతులోకి తోశాడు. మామయ్య కళ్లు పెద్దవయ్యాయి. గుటక పడింది. ఒక్కసారి ఒళ్లు జలదరించింది. అంతే, అయిపోయింది. వెనక వరుస కదులుతూనే ఉంది. పిల్లలను భుజాన వేసుకున్నవాళ్లు, ముందురోజు రాత్రే వచ్చి దుప్పటి పరుచుకుని పడుకున్నవాళ్లు, చేతిలో నీళ్ల సంచిలో చేపపిల్ల ఈదుతుంటే దాని వంక భయంగా చూస్తున్నవాళ్లు.

బత్తిని కుటుంబం 1845 నుంచి ఉచితంగా ఇస్తున్నామని చెప్పే ఈ ఉబ్బసం మందు ఒకప్పుడు పాతబస్తీ దూద్‌బౌలిలోని ఇంట్లోనే ఇచ్చేవారు. మందు అనే మాట మీద హేతువాదులు కోర్టుకెక్కిన తరువాత ‘చేప ప్రసాదం’ అన్న పేరు స్థిరపడింది. ఆరోజు వరుసలో మా ముందున్న పెద్దాయన నాకు దాని పనితీరు వివరించాడు: “చేప ఈదుకుంటూ లోపలికి పోతుంది బాబూ, పోతూ పోతూ కఫాన్నంతా ఊడ్చేస్తుంది.”

చేప పోయేది ఆహారనాళంలోకి, కఫం ఉండేది శ్వాసనాళంలో. రెండూ గొంతు దగ్గరే విడిపోతాయి. అయితే ఈ ఒక్క ముక్కతో ప్రసాదాన్ని కొట్టిపారేసేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. మనం మింగే మాత్రలూ ఆహారనాళంలోకే పోతాయి. వాటిలో ఉబ్బసం మీద పనిచేసేవి ఉన్నాయి. కాబట్టి అడగవలసింది మందు ఏ దారిన పోయిందని కాదు. జబ్బు చేసింది దేనికి, ఈ మందు దాన్ని ఏం చేస్తుంది అని అడగాలి. ఆ మొదటి సగానికి సమాధానం నాకు చాలా ఏళ్లు తెలియలేదు. ‘ఊపిరితిత్తులకు’ అనుకునేవాణ్ణి. అది ‘ఇంటికి దొంగ పడ్డాడు’ అన్నంత వివరం. ఏ గదిలో, ఏ తలుపు గుండా అన్నది అందులో లేదు.

ఈ మధ్య ఛాతీ వైద్యురాలైన ఒక స్నేహితురాలు తాను వెళ్లబోతున్న శాస్త్ర సదస్సు కార్యక్రమ పత్రం చూపించింది. ఊపిరితిత్తుల లోపలి పొర, దాని జీవశాస్త్రం, దాని జబ్బులు అన్నది విషయం. ఇలాంటి సదస్సులు ప్రపంచంలో చాలాచోట్ల జరుగుతాయి. అమెరికాలో వెర్మాంట్ విశ్వవిద్యాలయం ఊపిరితిత్తుల మూలకణాల మీద రెండేళ్లకోసారి జరిపేది వాటిలో పేరున్నది. పత్రం చదివితే నాకు గందరగోళంగా అనిపించింది. ఉదయం నెలలు నిండని శిశువుల గురించి. ఆ తరువాత డెబ్బై ఏళ్లవాళ్ల ఊపిరితిత్తులు ఎందుకు గట్టిపడతాయన్నది. మధ్యాహ్నం ఉప్పును అటూ ఇటూ పంపే ఒక ప్రొటీను. సాయంత్రం కోవిడ్, ఆపైన ఉబ్బసం. వీటన్నిటినీ ఒకే హాల్లో ఎందుకు కూర్చోబెట్టారని అడిగాను.

“నాంపల్లి నుంచి ఎర్రగడ్డకు మెట్రోలో ఎలా వెళ్తావు?” అంది. “ఒకటే లైను కదా, మారనక్కరలేదు” అన్నాను. “ఇదీ అంతే” అంది.

ఎర్రగడ్డ అంటే ఇక్కడ ఛాతీ ఆసుపత్రి. (హైదరాబాదీలకు ఆ పేరు వినగానే ముందు ఇంకో ఆసుపత్రి గుర్తొస్తుంది. అది వేరే సంగతి.) నవాబ్ ఫఖ్రుల్‌ముల్క్ కట్టించిన ఇర్రంనుమా భవనం దాని ఆవరణ. అదే లైను మీద ఉన్న ఇర్రంమంజిల్ కూడా ఆయన మేడ పేరే. క్షయ రోగులు ఊరికి దూరంగా గాలి మారడానికి చేరే రోజుల్లో ఊపిరితిత్తుల జబ్బంటే క్రిమి, క్రిమి అంటే జబ్బు. క్రిమి ఏ పొర మీద వాలిందన్నది అప్పటి ప్రశ్న కాదు.

ఏ పొర?

‘ఊపిరితిత్తుల పొర’ అనగానే మామయ్య అడిగిన మొదటి ప్రశ్న “నీరు పడుతుంది, అదేనా?” అని. మన ఇళ్లలో ఆ మాటకు అర్థం ప్లూరానే. ఊపిరితిత్తిని బయటి నుంచి సంచిలా చుట్టి ఉండే రెండు పొరల మధ్య క్షయ వల్లనో, గుండె బలహీనత వల్లనో నీరు చేరితే సూదితో తీస్తారు. అది బయటి పొర. ఊపిరితిత్తి దిండు అనుకుంటే అది గలీబు. సదస్సు మాట్లాడేది లోపలి దూదిలో పోగు పోగుకూ అంటుకుని ఉన్న పూత గురించి. ముక్కులో మొదలై, వాయునాళం మీదుగా, కొమ్మలు రెమ్మలుగా చీలిన శ్వాసనాళికల గుండా, చిట్టచివరి గాలి బుడగల వరకు ఎక్కడా తెగకుండా పరుచుకున్న జీవకణాల పొర. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు ఇది ‘ఉపకళ’గా గుర్తుండవచ్చు. గాలి బుడగలు వాయుగోణులు.

ఆ బుడగలు సగటున 48 కోట్లు. విప్పి పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతాయని తరచు చదువుతుంటాం. లెక్క కుదరదు. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించే కొలత 70 చదరపు మీటర్లు. బ్యాడ్మింటన్ సింగిల్స్ కోర్టు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 5.18 మీటర్లు; గుణిస్తే దాదాపు అంతే వస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద మడత మడతనూ కొలిచినవాళ్లు దాదాపు రెట్టింపు చెప్పారు, అయినా టెన్నిస్ కోర్టు కాదు. హైదరాబాదులో ఉండి బ్యాడ్మింటన్‌ను వదిలి టెన్నిస్‌ను ఎందుకు పట్టుకోవాలో నాకు తెలియదు.

ఒంటి మీది చర్మం మొత్తం పరిచినా రెండు చదరపు మీటర్లకు మించదు. దానికీ పైన చచ్చిన కణాల కవచం ఉంది. లోపలి కోర్టుకు ఆ కవచం లేదు, ఉండకూడదు కూడా. గాలికీ రక్తానికీ మధ్య గోడ పలచని చోట్ల అర మైక్రాన్ ఉంటుంది. తలవెంట్రుక మందంలో వందో వంతు కూడా కాదు. అంత పలచగా ఉంటేనే ఆక్సిజన్ దాటుతుంది. రోజుకు పదివేల లీటర్లకు పైగా గాలి, అందులోని అమీర్‌పేట దుమ్ము, పక్కింటి తాలింపు ఘాటు, పుప్పొడి, బస్సు పొగ, వైరసులతో సహా ఈ గోడను తాకిపోతుంది. ఇంత పలచని గోడ ఇంత దాడిని తట్టుకుని డెబ్బై ఎనభై ఏళ్లు ఎలా నిలుస్తుంది? కార్యక్రమ పత్రంలోని ప్రతి ఉపన్యాసమూ ఈ ఒక్క ప్రశ్నకు ఒక్కో ముక్క.

ఊడ్చేవాళ్లు

పై అంతస్తు, అంటే వాయునాళం, శ్వాసనాళాలు, ముందు చూద్దాం. ఇక్కడి కణాల్లో చాలావాటికి తలమీద శైలికలు, అంటే సన్నని వెంట్రుకల్లాంటి పోగులు ఉంటాయి, కణానికి రెండు మూడు వందల చొప్పున. ప్రతిదీ సెకనుకు పది పన్నెండు సార్లు కొరడాలా ఊగుతుంది. అన్నీ ఒకేసారి ఊగవు. పైరగాలికి వరిచేను ఊగినట్టు అల ఒక వైపు నుంచి మరో వైపుకు సాగుతుంది. వాటి పాదాల దగ్గర పలచని నీటి పొర, కొసల మీద జిగురు శ్లేష్మపు దుప్పటి. గాలితో వచ్చిన దుమ్ము దుప్పటికి అంటుకుంటుంది. శైలికలు దుప్పటిని నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల వేగంతో పైకి, గొంతు వైపుకు జరుపుతాయి. అక్కడికి చేరినదాన్ని మనకు తెలియకుండానే మింగేస్తాం. అంటే వరుసలోని పెద్దాయన ఊహలో సగం నిజమే. కఫాన్ని ఊడ్చేవి లోపల ఉన్నాయి. పుట్టుకతోనే ఉన్నాయి, కోట్లలో ఉన్నాయి. పొగ తాగేవాళ్లలో ముందు పడకేసేవి అవే. ఏళ్ల తరబడి పొగ తగిలితే శైలికల కణాలు తగ్గిపోతాయి, జిగురు తయారుచేసే కణాలు పెరుగుతాయి, కొన్నిచోట్ల పొర చర్మంలాంటి పలకల కణాలుగా మారిపోతుంది. ఊడ్చేవాళ్లు తగ్గి చెత్త పెరిగితే మిగిలేది దగ్గు ఒక్కటే. పొగతాగేవారి దగ్గు అలవాటు కాదు, ఊడ్చే పనికి దిగిన ఛాతీ కండరాల శ్రమ.

పుట్టుకతోనే శైలికలు కదలనివాళ్లూ ఉంటారు. వీరిలో దాదాపు సగం మందికి గుండె కుడివైపున ఉంటుంది. మనేస్ కార్టజెనర్ 1933లో ఈ జబ్బును వివరించినప్పుడు, సైనసులకూ ఊపిరితిత్తుల చీముకూ గుండె స్థానానికీ సంబంధం ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. 1976లో బ్యోర్న్ అఫ్జేలియస్ ఆ చిక్కు విప్పాడు. పిండ దశలో ఏది ఎడమో ఏది కుడో తేల్చేది కూడా శైలికల ఊపే. అవి ఊగకపోతే గుండె ఎటు ఉండాలన్నది బొమ్మా బొరుసా వేసినట్టే.

నీటి పొర సంగతికొస్తే, అది మరీ పలచనైనా దుప్పటి కదలదు, మరీ ఎక్కువైనా కదలదు. ఉప్పును కణం లోపలికి, బయటికి పంపి నీటి మట్టాన్ని సరిచూసే ప్రొటీన్లలో ముఖ్యమైనది సీఎఫ్‌టీఆర్. దాని జన్యువు 1989లో దొరికింది. ఆ జన్యువు చెడితే వచ్చేది సిస్టిక్ ఫైబ్రోసిస్: చెమట ఉప్పుగా, శ్లేష్మం బంకగా. మన దేశంలో ఇది లేనే లేదని చాలాకాలం అనుకున్నారు. లేకపోవడం కాదు, వెతకకపోవడం. 2012లో మొదటిసారి, 2019లో మరింత మందికి పనికొచ్చేలా, ఆ ప్రొటీన్నే సరిచేసే మందులు వచ్చాయి.

2018లో రెండు బృందాలు ఒకేసారి ఒక వింత చెప్పాయి. శ్వాసనాళపు పొరలో వందకు ఒకటి కూడా లేని ఒక అరుదైన కణం ఉంది, సీఎఫ్‌టీఆర్‌ను అది విపరీతంగా తయారుచేస్తుంది. దానికి పెట్టిన పేరు అయానోసైట్. ఆ పేరు కొత్తది కాదు. చేపల మొప్పల్లో ఉప్పునీటి లెక్క చూసే కణాలకు అప్పటికే ఉన్న పేరు అది. ఇది చదివినప్పుడు నేను గట్టిగా నవ్వాను. మామయ్య ఊపిరితిత్తుల్లో చేప నిజంగానే ఉంది, నాంపల్లి వెళ్లకముందు నుంచే.

కథ అక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. తరువాతి పరిశోధనలు, ఒక్కో అయానోసైట్‌లో ఆ ప్రొటీను ఎక్కువున్నా, మొత్తం పొరలో సింహభాగం స్రావాలు ఊరించే స్రావకణాలదేనని వాదించాయి. ఒకడి దగ్గర లక్షలున్నా ఊరి సొమ్మంతా మిగతావాళ్ల చేతుల్లో ఉండవచ్చు కదా. ఇలాంటి పేచీలు తేల్చుకోవడానికే సదస్సులు.

ఆ స్రావకణాల్లో ఒక రకానికి ‘క్లబ్ కణాలు’ అని పేరు. నా తరంవాళ్లు చదివిన పుస్తకాల్లో అవి ‘క్లారా కణాలు’. 1937లో వాటిని వర్ణించిన మాక్స్ క్లారా నాజీ పార్టీ సభ్యుడు, ఉరితీసిన ఖైదీల దేహాల నుంచి కణజాలం తీసుకున్నవాడు. 2012-13 ప్రాంతంలో శ్వాసకోశ వైద్య పత్రికలు ఆ పేరు తీసేశాయి. సూక్ష్మదర్శిని కింద కనిపించే కణానికి కూడా గతం అంటుకుని ఉంటుందని ఆరోజు తెలిసింది నాకు.

అన్నిటికీ అడుగున ఆధార కణాలు ఉంటాయి. ఇవి మూలకణాలు. పైన గాయమైతే ఇవి విభజన చెంది కొత్త పొర పరుస్తాయి. మరి వీటినే తీసేస్తే? ఆ తరువాత అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల పెట్టిన పురుషోత్తమరావు టాటా, సహ పరిశోధకులు 2013లో ఎలుకల మీద అదే చేశారు. అప్పటికే తమ పనిలో స్థిరపడిన స్రావకణాలు వెనక్కి నడిచి ఆధార కణాలుగా మారాయి. రిటైరైన మేస్త్రీ మళ్లీ తాపీ పట్టినట్టు.

అడుగు అంతస్తు

గాలి బుడగల్లో శైలికలు లేవు, శ్లేష్మమూ లేదు. పొరలో ఉన్నవి రెండే రకాల కణాలు. టైప్-1 కణం అప్పడంలా పలచగా పరుచుకుంటుంది. బుడగ వైశాల్యంలో 95 శాతం దానిదే. మూలల్లో ఉండలా కూర్చునేది టైప్-2. లెక్కకు ఇవే ఎక్కువ, ఆక్రమించేది ఐదు శాతం చోటు. చాలాకాలం దాని పని ఏమిటో తెలియలేదు.

తడి గోడల చిన్న బుడగకు ఒక ప్రమాదం ఉంది. నీటి తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు, దాన్ని లోపలికి లాగేస్తుంది. తడిసిన రెండు ప్లాస్టిక్ సంచులు అతుక్కుపోతే విడదీయడం ఎంత కష్టమో కూరగాయల దుకాణంలో అందరికీ అనుభవమే. 1929లో కుర్ట్ ఫాన్ నీర్‌గార్డ్ ఊపిరితిత్తిని గాలితో కన్నా ద్రవంతో నింపడం తేలికని చూపించి, లోపల తలతన్యతను తగ్గించే పదార్థం ఏదో ఉండాలన్నాడు. పాతికేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. తిరిగి దాన్ని పట్టుకున్నవాళ్లు విషవాయువుల మీద పనిచేస్తున్న సైనిక శాస్త్రవేత్తలు కావడం విచిత్రం. బ్రిటన్‌లో రిచర్డ్ ప్యాటిల్ 1955లో, ఊపిరితిత్తి నురగలోని బుడగలు ఎంతకీ పగలడం లేదని గమనించాడు. అమెరికాలో జాన్ క్లెమెంట్స్ 1957లో దాన్ని కొలిచి చూపాడు. ఆ పదార్థమే సర్ఫాక్టెంట్. టైప్-2 కణం తయారుచేసే సబ్బులాంటి పూత. 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్, నెలలు నిండకుండా పుట్టి ఊపిరాడక చనిపోయిన శిశువుల ఊపిరితిత్తుల్లో అది లోపించిందని కనుగొన్నారు.

కారణం తెలిసింది, మందు లేదు. 1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి అయిదున్నర వారాల ముందుగా కొడుకు పుట్టాడు. పేరు పాట్రిక్. ప్రపంచంలోకెల్లా బలమైన దేశపు అధినేత బిడ్డను బోస్టన్‌కు తరలించి, ఎక్కువ పీడనం ఉన్న ఆక్సిజన్ గదిలో పెట్టారు. అప్పటి వైద్యం చేయగలిగింది అంతే. 39 గంటలు బతికాడు. జపాన్‌లో తెత్సురో ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను పదిమంది శిశువుల శ్వాసనాళంలో పోసి, వాళ్ల రంగు నీలం నుంచి గులాబీకి తిరగడం చూసింది 1980లో. ఇవాళ మన నగరంలోని నవజాత శిశు విభాగాల్లో అది చిన్న సీసాలో, ఫ్రిజ్‌లో ఉంటుంది. వాడేముందు అరచేతిలో పట్టుకుని వెచ్చబెడతారు.

టైప్-2 కణానికి రెండో పని కూడా ఉంది. పక్కనున్న అప్పడం చిరిగితే, తానే విభజన చెంది, ఒక పిల్లకణాన్ని అప్పడంగా ఒత్తి అక్కడ పరుస్తుంది. 1970లలో విషవాయువు పీల్చిన ఎలుకల్లో దీని జాడ దొరికింది. 2013లో డ్యూక్‌లోనే బ్రిజిడ్ హోగన్ బృందం, ఇదే ఆ బుడగకు మూలకణమని గట్టిగా నిరూపించింది.

త్రిశంకు

ఇప్పుడు పత్రంలోని ఉదయం ఉపన్యాసానికీ, ఆ తరువాతి ఉపన్యాసానికీ ఉన్న బంధుత్వం కనబడుతుంది. డెబ్బై ఏళ్లవాళ్లలో కారణం తెలియకుండా ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే జబ్బును ఐపీఎఫ్ అంటారు. చాలాకాలం దీన్ని వాపుగా భావించి, స్టెరాయిడ్ లాంటి వాపు తగ్గించే మందులు కుమ్మరించారు. ఆ మందుల మిశ్రమాన్ని మందు లేని ఉత్తి మాత్రలతో పోల్చిన అమెరికా ప్రయోగం ఫలితాలు 2012లో వచ్చాయి. మందులు తీసుకున్న వర్గంలో 8 మంది, ఉత్తి మాత్రల వర్గంలో ఒక్కరు చనిపోయారు. ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. దశాబ్దాల అలవాటు తలకిందులైంది. ఛాతీ వైద్యులతో ఈ సంగతి ఎత్తితే ఇప్పటికీ ఒక్క క్షణం మాట్లాడరు.

మరి జబ్బు ఎక్కడ? జన్యువులు వేలెత్తి చూపింది లోపలి పొరనే. సర్ఫాక్టెంట్ ప్రొటీను జన్యువు చెడితే కుటుంబాల్లో ఈ తరహా జబ్బు వస్తుందని 2001లో తేలింది. శిశువుకు ప్రాణం పోసే పదార్థంలోని లోపమే పెద్దవాళ్ల మచ్చకూ దారి. కణాలు ఎన్నిసార్లు విభజన చెందగలవో నిర్ణయించే జన్యువుల లోపం 2007లో బయటపడింది. 2011లో మరీ ఆశ్చర్యం: శ్లేష్మం తయారుచేసే ఒక జన్యువులోని మార్పు ఐపీఎఫ్ ముప్పును బాగా పెంచుతుంది. పై అంతస్తు జిగురుకూ అడుగు అంతస్తు మచ్చకూ సంబంధం ఏమిటో ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు.

2020లో మూడు బృందాలు, దెబ్బతిన్న ఎలుక ఊపిరితిత్తిలో టైప్-2 కాని, టైప్-1 కాని ఒక మధ్య దశ కణాన్ని చూశాయి. మూడూ మూడు వేర్వేరు పేర్లు పెట్టాయి. (ఈ రంగంలో కొత్తవాళ్లకు సగం కష్టం ఇక్కడే.) మామూలుగా ఆ దశ కొద్ది రోజుల్లో దాటిపోతుంది. అదే ఏడాది ఐపీఎఫ్ రోగుల ఊపిరితిత్తుల్లో ఇలాంటి కణాలు పెద్ద సంఖ్యలో, మచ్చల అంచున కనిపించాయి. మరుసటి ఏడాది తీవ్ర కోవిడ్‌తో చనిపోయినవారి ఊపిరితిత్తుల్లోనూ వీటికి దగ్గరి కణాలు కనిపించాయి. కోవిడ్ వైరస్ తగులుకునే తలుపుల్లో టైప్-2 కణమూ ఒకటి మరి.

ఇంగ్లిషు పేర్లు మూడూ నాకు నోరు తిరగలేదు. నేనైతే వాటిని త్రిశంకు కణాలంటాను. ఉండలా మిగలలేవు, అప్పడంగా ఒత్తుకోలేవు. మధ్యలో వేలాడుతూ చుట్టూ ఉన్న కణాలకు ‘ఇక్కడ గాయం మానలేదు, ఇంకా మచ్చకట్టండి’ అని సంకేతాలు పంపుతూనే ఉంటాయి. వాపు కన్నా, మానడం మధ్యలో ఆగిపోవడమే అసలు జబ్బన్నది ఇప్పుడు బలంగా ఉన్న వాదన. నాకూ అదే సబబుగా తోస్తుంది. అయితే ఈ కణాలు మచ్చకు కారణమా, మచ్చ వల్ల ఇరుక్కుపోయిన బాధితులా అన్నది తెగలేదు. 2014లో అమెరికాలో అనుమతి పొందిన రెండు మందులు మచ్చ వేగాన్ని తగ్గిస్తాయే గాని, త్రిశంకును కిందికి దించలేవు.

ఎలుకల ముచ్చట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. మనిషి శ్వాసనాళికల చివర, బుడగలకు ముందు ఒక సంధి భాగం ఉంటుంది. అది ఎలుకలో లేదు. 2022లో టాటా బృందం, అమెరికాలోని మరో బృందం ఆ సంధిలో ఎలుకలకు లేని కణాలను గుర్తించాయి. ఎలుకలో నయమైందన్న వార్త చదివినప్పుడల్లా ఈ సంధిని గుర్తుచేసుకోవడం మంచిది. అలాగే 2023లో 486 మంది నుంచి తీసిన 24 లక్షల కణాలతో ఊపిరితిత్తుల అట్లాస్ వచ్చింది. దాతల్లో ఎక్కువమంది యూరప్ మూలాలవారు. కట్టెల పొయ్యి ముందు ముప్పై ఏళ్లు కూర్చున్న పాలమూరు తల్లి పొర ఆ పటంలో వెతికితే కనబడదు.

మామయ్య పొర

ఉబ్బసంలో బిగుసుకునేది శ్వాసనాళపు కండరం. పిల్లికూతలు అందుకే. కానీ కండరానికి కబురు పంపేది పొర. దుమ్మో, పుప్పొడో, జలుబు వైరసో తగిలినప్పుడు పొరలోని కణాలు ప్రమాద ఘంటికలు కొడతాయి. ఆ గంట విని రక్షక కణాలు పరుగున వస్తాయి, వాపు తెస్తాయి, జిగురు పెంచుతాయి. ఉబ్బసం ఉన్నవారిలో గంట చిన్నదానికీ మోగుతుంది, మోగి ఒక పట్టాన ఆగదు. ఆ ఘంటికల్లో ఒకదాన్ని నేరుగా అడ్డుకునే టెజెపెలుమాబ్ అనే ఇంజెక్షన్ 2021లో అమెరికాలో ఆమోదం పొందింది. ఉబ్బసంలో తీవ్రమైనదానికే, ఖరీదు సామాన్యుడికి అందదు.

అందేది పీల్చే స్టెరాయిడ్. మామయ్య దాన్ని ముట్టడు, ‘అలవాటైపోతుంది’ అని. ఇరవై ఏళ్లుగా జేబులో ఉన్నది నీలం ఇన్‌హేలర్ ఒక్కటే. అది కండరాన్ని వదులు చేస్తుంది, నిమిషాల్లో హాయి. పొర మీద గంట మోగుతూనే ఉంటుంది. నీలందాన్ని మాత్రమే వాడటం మంచిది కాదని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019లో స్పష్టంగా చెప్పాయి. నిజానికి అలవాటైపోయింది మామయ్యకు ఆ నీలం సీసాయే. ఈ మాట అంటే కోపం తెచ్చుకుంటాడు.

స్నేహితురాలు ఒకరోజు ఇన్‌హేలర్ ఎలా వాడతారో చూపించమంది. మామయ్య నోరు తెరిచి, దూరంగా పట్టుకుని, నొక్కి, ఆ తరువాత తీరిగ్గా ఊపిరి పీల్చాడు. తెల్లని పొగ నాలుక మీద వాలి, మిగిలింది కిటికీ వైపు పోయింది. “ఇరవై ఏళ్లుగా మందు నాలుకకు వేస్తున్నారు బాబాయిగారూ” అంది. మధ్యలో గొట్టంలాంటి స్పేసర్ పెట్టి, ముందు మెల్లగా ఊపిరి వదిలించి, నొక్కి, నిదానంగా పీల్పించి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టించింది. కొర్రమీను వెళ్లని దారిన మందు మొదటిసారి సరిగ్గా వెళ్లింది.

కూలర్లు, పావురాలు

2016 లెక్కల ప్రకారం ప్రపంచ జనాభాలో మన వాటా 18 శాతం. దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధుల భారంలో 32 శాతం. పొగాకు, వంటపొగ, వీధి దుమ్ము అన్న జాబితా అందరికీ తెలిసిందే. నన్ను ఆపింది ఇంకోటి. మన దేశంలో 19 నగరాల్లోని 27 కేంద్రాల్లో, 1,084 మంది రోగులను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనం ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుల్లో ఏది ఎక్కువో చూసింది. పాశ్చాత్య దేశాల లెక్క చూసి ఐపీఎఫ్ అనుకుంటాం. కాదు. దాదాపు 47 శాతం మందిది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్, అంటే పీల్చిన జీవపదార్థాల మీద శరీరం తిరగబడి, గాలి బుడగల్లోనే పోరు పెట్టుకునే జబ్బు. వారిలో సుమారు సగం మంది ఎయిర్ కూలర్ గాలికి గురైనవారు. నెలల తరబడి తడిసి, వేసవి పోయాక ఎండి, మళ్లీ వేసవికి కడగకుండానే ఆన్ చేసిన కూలర్ పీచులో పెరిగే బూజు. ఆ తరువాతి అనుమానితుల్లో పక్షులు ఉన్నాయి.

మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఉండే పెద్దావిడ రోజూ బాల్కనీలో పావురాలకు జొన్నలు చల్లేది. మొజంజాహి మార్కెట్ దగ్గర, మక్కా మసీదు ముందు గింజలు చల్లేవాళ్లను చూసిన ఊరు కదా, ఎవరికీ వింతగా తోచలేదు. ఏడాదిగా పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. దగ్గు మందులు, అలర్జీ మాత్రలు అయ్యాక నా స్నేహితురాలి దగ్గరికి తీసుకెళ్లాను. వీపు కింది భాగంలో స్టెతస్కోప్ పెట్టి, నన్నూ వినమంది. ఊపిరి తీసుకున్న ప్రతిసారీ చెప్పుల వెల్క్రో పట్టీ మెల్లగా ఊడదీస్తున్న చప్పుడు. గట్టిపడ్డ బుడగలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్న చప్పుడది.

స్కానింగ్ చూడకముందే ఆమె అడిగిన ప్రశ్నలు రెండు. “ఇంట్లో కూలర్ ఉందా అమ్మా? పావురాలు ఉన్నాయా?”

ఈ జబ్బులో వాపు నిజంగానే పెద్ద పాత్ర పోషిస్తుంది కాబట్టి, ఐపీఎఫ్‌లో ముంచిన స్టెరాయిడ్‌కు ఇక్కడ చోటుంది. అందుకే ఈ రెండింటినీ వేరుచేయడం అంత ముఖ్యం. ముందుగా చేయవలసింది మాత్రం పీల్చేదాన్ని ఆపడం. మచ్చకట్టినంత మేర వెనక్కి రాదు, తక్కింది నిలబడవచ్చు. పెద్దావిడ ఇవన్నీ విని, “పాపం అవి ఎక్కడికి పోతాయి తల్లీ” అంది.

బాల్కనీకి వల కట్టించారు. జొన్నల డబ్బా కిందికి వచ్చింది. పావురాలు ఒక వారం పాటు వల బయట కూర్చుని లోపలికి చూశాయి. ఇప్పుడు మా ఏసీ పెట్టె మీద ఉంటున్నాయి.